తాహోకి ఇద్దరూ బయల్దేరే ముందు

బే ఏరియాలో ఉండే తెలుగు జంటలకు లాంగ్ వీకెండ్ అనగానే తట్టే పేర్లలో లేక్ తాహో ఒకటి. శాన్ హోసే నుంచి కారులో రెండు వందల మైళ్ల పైచిలుకు దూరం. శుక్రవారం సాయంత్రం బయల్దేరి ఆదివారం రాత్రికి ఇల్లు చేరొచ్చు. కొండెక్కొచ్చు, కయాక్ నడపొచ్చు, పాడిల్ బోర్డ్ మీద నిలబడి నీళ్లమీద తిరగొచ్చు. పెళ్లయిన కొత్తలో వెళ్లేవాళ్లూ ఉన్నారు, పిల్లల్ని స్నేహితుల దగ్గర వదిలి పదేళ్ల తర్వాత ఇద్దరే వెళ్లేవాళ్లూ ఉన్నారు. ప్లాన్ అంటే చాలామంది హోటల్ బుకింగ్‌తో మొదలుపెడతారు. దానికంటే ముందు ఆ చోటు కొలతలు తెలుసుకోవాలి. అక్కడ ఏ పని ఎన్ని గంటలకు చేయాలో నిర్ణయించేది అవే.

తాహో సియెర్రా నెవాడా పర్వతాల నడుమ, సముద్రమట్టానికి దాదాపు 1,900 మీటర్ల ఎత్తున ఉంది. కాలిఫోర్నియా, నెవాడా రాష్ట్రాల సరిహద్దు దాని మీదుగానే పోతుంది. పొడవు సుమారు 35 కిలోమీటర్లు, వెడల్పు 19 కిలోమీటర్లు. అత్యధిక లోతు 501 మీటర్లు. అమెరికాలో ఇంతకన్నా లోతైన సరస్సు ఒరెగాన్‌లోని క్రేటర్ లేక్ ఒక్కటే. ఎత్తు వల్ల గాలి పల్చగా ఉంటుంది. లోతు వల్ల నీరు చల్లగా ఉంటుంది. పొడవు వల్ల అలలు పెద్దవవుతాయి.

ముందు నీటి సంగతి. ఆగస్టులో పైనీళ్లు 18 నుంచి 20 డిగ్రీల సెల్సియస్ దాకా వేడెక్కుతాయి. జూన్ మొదట్లో అంతకంటే బాగా చల్లగా ఉంటాయి. వెచ్చటి నీరు తేలిక కాబట్టి పైపొరలోనే ఉండిపోతుంది. దాని కింద వందల మీటర్ల మేర నీరు ఏడాది పొడవునా నాలుగైదు డిగ్రీల దగ్గరే ఉంటుంది. పడమటి గాలి గట్టిగా వీచినప్పుడు పైనున్న వెచ్చటి పొర తూర్పు ఒడ్డు వైపు కొట్టుకుపోతుంది. దాని స్థానంలోకి, పడమటి ఒడ్డున, లోపలి చల్లటి నీరు పైకి వస్తుంది. దీన్ని అప్‌వెల్లింగ్ (అడుగునీరు పైకి ఉబికి రావడం) అంటారు. అందుకే నిన్న హాయిగా దిగిన చోట ఇవాళ కాలు పెట్టలేకపోవచ్చు. వాతావరణ సూచన చూపించేది గాలి ఉష్ణోగ్రతను. బయట 27 డిగ్రీల ఎండ కాస్తున్నా నీటి సంగతి వేరే.

అలాంటి నీళ్లలో పడితే ఏమవుతుందో కాస్త వివరంగా చూడాలి. పాడిల్ బోర్డ్ మీద నిలబడ్డ మనిషి పట్టుతప్పి పక్కకి పడ్డాడనుకుందాం. చర్మానికి చలి ఒక్కసారిగా తగలగానే అతని ప్రమేయం లేకుండానే గట్టిగా ఎగశ్వాస వస్తుంది. ఆ క్షణంలో తల నీళ్లలో ఉంటే లోపలికి పోయేది నీరే. ఆ తర్వాత ఊపిరి కుక్క వగర్పులా వేగం అందుకుంటుంది, గుండె దడదడలాడుతుంది. ఇదే కోల్డ్ షాక్ (చన్నీటి దెబ్బకు శరీరం అదుపు తప్పడం). ఇది సుమారు ఒక నిమిషంలో తగ్గుముఖం పడుతుంది. తర్వాతి పది నిమిషాల్లో చేతులు, కాళ్లు మొద్దుబారతాయి. శరీరం గుండెను, మెదడును కాపాడుకోవడానికి రక్తాన్ని లోపలికి లాక్కుంటుంది. వేళ్లు తాడును పట్టుకోలేవు, భుజాలు ఈదలేవు. శరీరం లోపలి వేడి ప్రాణం మీదికి వచ్చేంతగా పడిపోవడానికి మాత్రం ఇంకా చాలాసేపు పడుతుంది. చాలామంది ఆ దశ దాకా వెళ్లరు, మొదటి నిమిషాల్లోనే మునిగిపోతారు. ఈత బాగా వచ్చినవాళ్లకూ ఇదే వరస. మన ఊరి బావిలోనో, అపార్ట్‌మెంట్ పూల్‌లోనో నేర్చిన ఈత ఆ మొదటి నిమిషంలో పనికిరాదు. పనికొచ్చేది లైఫ్ జాకెట్. అది ఆ నిమిషమంతా తలను నీటిపైన ఉంచుతుంది.

కాలిఫోర్నియా చట్టం ప్రకారం పాడిల్ బోర్డ్ కూడా పడవ కిందే లెక్క. ఎంతమంది ఉంటే అన్ని లైఫ్ జాకెట్లు అందుబాటులో ఉండాలి. పదమూడేళ్లలోపు పిల్లలు వేసుకుని తీరాలి. పెద్దవాళ్లు మాత్రం దాన్ని బోర్డుకు కట్టుకుని తిరుగుతుంటారు. దీని మీద నా అభిప్రాయం గట్టిదే: జాకెట్ ఒంటిమీద, బకిల్ పెట్టుకుని ఉండాలి. నీళ్లలో పడ్డాక, ఊపిరి అందని నిమిషంలో, దాన్ని తొడుక్కోవడం దాదాపు అసాధ్యం. నీరు ఎంత తేటగా ఉంటుందంటే అడుగున రాళ్లు కనిపించి లోతు తక్కువే అనిపిస్తుంది. కానీ రూబికాన్ పాయింట్ లాంటి చోట్ల ఒడ్డుకు దగ్గర్లోనే అడుగు నిట్టనిలువుగా దిగిపోతుంది.

జంటగా వెళ్లినవాళ్లకు ఇక్కడ ఇంకో ప్రమాదం ఉంది. ఒకరు మునుగుతుంటే రెండోవారు ఆలోచించకుండా దూకేస్తారు. గోదావరి రేవుల్లో, సాగర్ కాలువల దగ్గర ఇలాంటి వార్తలు మనం చదువుతూనే ఉన్నాం. మునిగేవాడు చేతికి ఏది దొరికితే దాన్ని పట్టుకుని పైకి ఎక్కాలని చూస్తాడు. అది ప్రేమ ఉన్నా లేకపోయినా జరిగేదే. కాబట్టి తేలే వస్తువు విసరాలి, తెడ్డు చాచాలి, 911కి ఫోన్ చేయాలి, కేకలు వేయాలి. ఈ మాట ఇంట్లో ఉండగానే ఒకరికొకరు చెప్పుకోవాలి. అక్కడ చెప్పుకునే వ్యవధి ఉండదు.

ఇక గాలి. ఎండాకాలంలో తూర్పున ఉన్న నెవాడా ఎడారి పగలంతా కాగుతుంది. అక్కడి గాలి వేడెక్కి పైకి లేస్తుంది. ఆ లోటు పూడ్చడానికి సియెర్రా శిఖరాల మీదుగా నైరుతి నుంచి గాలి సరస్సు మీదికి దిగుతుంది. ఈ గాలి ఎండ వల్ల వస్తుంది. అందుకే చాలా రోజుల్లో తెల్లవారుజామున సరస్సు అద్దంలా ఉండి, మధ్యాహ్నానికి అలలు లేస్తాయి. గాలి నీటిమీద ఎంత దూరం అడ్డులేకుండా సాగితే అలలు అంత పెరుగుతాయి. తాహోలో ఆ దూరం కిలోమీటర్ల కొద్దీ ఉంది. గాలి వచ్చే వైపు ఒడ్డున నిలబడితే చిన్న అలలే కనిపిస్తాయి, ఎదుటి తీరం దగ్గర అవే పెద్దవై ఉంటాయి. గాలి ఒడ్డు నుంచి లోపలికి వీస్తుంటే పోవడం తేలిక, తిరిగి రావడమే కష్టం.

అకస్మాత్తుగా వచ్చే తుపాను గాలుల మాట ఇంకా వేరు. 2025 జూన్ 21న, శనివారం మధ్యాహ్నం, డి.ఎల్. బ్లిస్ స్టేట్ పార్క్ దగ్గర ఒక మోటారు పడవ పెద్ద అలలకు తిరగబడింది. అందులో ఉన్న పదిమందిలో ఎనిమిదిమంది చనిపోయారు. అది కయాక్ కాదు, ఇంజన్ ఉన్న పడవ. వేసవి మొదటి వారాంతాల్లో ఒకటి.

కాబట్టి నీటి పనులన్నీ పొద్దున్నే. ఏడింటికి నీళ్లలో ఉండి, పదింటికల్లా ఒడ్డుకు రావడం మంచిది. ఒడ్డు వెంబడే తిరగాలి. పడమటి తీరంలో ఎమరాల్డ్ బే ఉంది. అందులో ఫానెట్ అనే చిన్న దీవి, ఒడ్డున 1929లో కట్టిన వైకింగ్స్‌హోమ్ అనే స్కాండినేవియా తరహా భవనం ఉన్నాయి. కయాక్‌లో కొత్తవాళ్లకు నడి సరస్సు కన్నా ఆ బే లోపలి నీళ్లే నయం. మరపడవలు తిరగడం మొదలుపెట్టకముందు వెళ్తే ఇంకా బాగుంటుంది.

కొండ దగ్గరకు వస్తే లెక్క మరోరకం. 1,900 మీటర్ల ఎత్తున గాలి పీడనం సముద్రమట్టంతో పోలిస్తే అయిదింట ఒక వంతు తక్కువ. ప్రతి శ్వాసతో అందే ఆక్సిజన్ కూడా అంతే తగ్గుతుంది. మొదటి రాత్రి సరిగా నిద్ర పట్టకపోవడం, కొద్దిగా తలనొప్పి, మెట్లెక్కితే ఆయాసం కొందరికి మామూలే. నీళ్లు ఎక్కువ తాగాలి, ఆ రాత్రికి మద్యం మానేయాలి. తాలాక్ శిఖరం (9,735 అడుగులు, అంటే దాదాపు 2,970 మీటర్లు) మీద పీడనం సముద్రమట్టం దగ్గరి దానిలో 70 శాతమే.

తాలాక్ ఎక్కాలని చాలా జంటలు అనుకుంటాయి. పైనుంచి సరస్సంతా ఒక్క చూపులో కనిపిస్తుంది కాబట్టి ఆ కోరిక సహజం. రానూపోనూ సుమారు పది మైళ్లు (16 కిలోమీటర్లు), ఎక్కుడు వెయ్యి మీటర్లు. ఎంతసేపు పడుతుందో తేల్చడానికి స్కాట్లండ్ పర్వతారోహకుడు విలియం నైస్మిత్ 1892లో చెప్పిన సూత్రం ఇప్పటికీ పనికొస్తుంది. గంటకు అయిదు కిలోమీటర్ల నడక, ఎక్కే ప్రతి 600 మీటర్లకు మరో గంట. 16 కిలోమీటర్లకు మూడు గంటల పైన, వెయ్యి మీటర్లకు గంటా నలభై నిమిషాలు. మొత్తం దాదాపు అయిదు గంటలు. అది అలవాటున్నవాళ్లు ఎక్కడా ఆగకుండా నడిస్తే. వారమంతా కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్లు, ఫొటోలకు, తిండికి, ఊపిరి పీల్చుకోవడానికి ఆగేవాళ్లు ఏడెనిమిది గంటలు వేసుకోవాలి. ఉదయం ఏడింటికి మొదలుపెట్టినా పైకి చేరేసరికి పన్నెండవుతుంది.

పన్నెండు దాటాక చాలాసేపు కొండమీద ఉండటం ఎందుకు మంచిది కాదంటే, వేసవిలో ఉరుముల మబ్బులు పట్టేది ఎక్కువగా మధ్యాహ్నమే. చెట్టు కూడా లేని రాతిగుట్ట మీద ఎత్తుగా ఉండేది మనిషే. మెరుపుకూ ఉరుముకూ మధ్య 30 సెకన్లు మించకపోతే పిడుగు పది కిలోమీటర్లలోపు ఉన్నట్టు. అప్పటికే దిగువకు దిగుతూ ఉండాలి. అందుకని వెనక్కి తిరిగే వేళను ముందే కాగితం మీద రాసుకోవాలి. పన్నెండున్నర అనుకుంటే, శిఖరం అరగంట దూరంలో కనిపిస్తున్నా, పన్నెండున్నరకే వెనక్కి.

మొదటిసారి వెళ్లే జంటకు నేను తాలాక్ చెప్పను. ఈగిల్ ఫాల్స్ దగ్గర మొదలుపెట్టి ఈగిల్ లేక్ దాకా వెళ్లి రమ్మంటాను. రానూపోనూ రెండు మైళ్లే. రాతిమెట్లు, వంతెన, పైన పైన్ చెట్ల మధ్య చిన్న సరస్సు. అది డెసొలేషన్ వైల్డర్‌నెస్ (వాహనాలను, కట్టడాలను అనుమతించని రక్షిత అడవి) పరిధిలోకి వస్తుంది కాబట్టి పగటి నడకకూ పర్మిట్ కావాలి. వేసవిలో దాన్ని దారి మొదట్లోనే నింపుకోవచ్చు. రాత్రి గుడారం వేసుకోవాలంటే ముందే ఆన్‌లైన్‌లో తీసుకోవాలి, అక్కడ నిప్పు రాజేయడం నిషేధం. పార్కింగ్ పొద్దున్నే నిండిపోతుంది.

నడకలో నెమ్మదిగా నడిచేవారే ముందుండాలి. ఇది మర్యాద కోసం చెప్పే మాట కాదు. వేగంగా నడిచేవారు ముందుంటే అక్కడక్కడ ఆగి వెనకవారి కోసం చూస్తారు, వారు రాగానే మళ్లీ బయల్దేరతారు. విశ్రాంతి దొరికేది ముందున్నవారికే. వెనకవారికి అది అసలు అందదు, పైగా ఆలస్యం చేస్తున్నామన్న బెంగ. భార్యాభర్తల మధ్య ఇంకో ఇబ్బంది ఉంది. "నాకు భయంగా ఉంది" అని చెప్తే అవతలివారి సరదా పాడవుతుందని ఊరుకుంటారు. "నావల్ల కాదు" అనడానికి మగవాళ్లు మరీ మొహమాటపడతారు. అందుకే ముందే ఒక ఒప్పందం ఉండాలి: ఇద్దరిలో ఎవరు "వెనక్కి వెళ్దాం" అన్నా వెళ్లడమే. కారణం అడగకూడదు, ఇంటికొచ్చాక ఎత్తిపొడవకూడదు.

నలుగురు వెళ్తే ఒకరికి కాలు బెణికినా ఒకరు తోడుంటారు, ఇద్దరు సాయానికి వెళ్తారు. ఇద్దరే వెళ్తే ఆ వీలు లేదు. కాబట్టి నీళ్లు, తిండి, వెచ్చటి చొక్కా, టార్చి ఎవరి సంచిలో వారికి ఉండాలి. అన్నీ ఒకరి సంచిలోనే పెడితే విడిపోయినప్పుడు రెండోవారి చేతిలో ఏమీ ఉండదు. కారు తాళం ఎక్కడుందో ఇద్దరికీ తెలియాలి. మ్యాప్ ఇద్దరి ఫోన్లలోనూ ముందే డౌన్‌లోడ్ అయి ఉండాలి, ఎందుకంటే కొండల్లో సిగ్నల్ చాలాచోట్ల ఉండదు. ఐఫోన్ 14, ఆ తర్వాతి ఫోన్లలో ఉపగ్రహం ద్వారా అత్యవసర సందేశం పంపే సదుపాయం ఉంది. దాన్ని ఎలా వాడాలో ఇంట్లోనే ఒకసారి చూసుకోవాలి.

ప్రయాణం సంగతి కూడా ఈ లెక్కలోకే వస్తుంది. రోడ్డు ఖాళీగా ఉంటే నాలుగు గంటల లోపు దారి. శుక్రవారం సాయంత్రం అందరితోపాటు బయల్దేరితే ఆరు గంటలైనా పట్టవచ్చు. అర్ధరాత్రి చేరి, ఎత్తులో నిద్రపట్టక, ఏడింటికి కయాక్ ఎక్కడం కుదరని పని. రెండు రోజుల వారాంతం అసలు లెక్కలో రోజున్నరే. అందులో ఒక పెద్ద పని, ఒక చిన్న పని పడతాయి. శనివారం పొద్దున చిన్న నడక, ఆదివారం పొద్దున నీళ్లు, పదకొండింటికి తిరుగు ప్రయాణం: ఇది సరిపోతుంది. చలికాలమైతే మంచు గొలుసులు కారులో ఉండాలి. తాహో దారుల్లోని ఎకో సమ్మిట్, డోనర్ పాస్ కనుమలు రెండూ ఏడు వేల అడుగుల పైనే ఉన్నాయి.

తిండి విషయంలో మనవాళ్లకు ఒక మాట. పులిహోర, ఆవకాయ, జంతికల వాసన నల్ల ఎలుగుబంట్లకు చాలా దూరం నుంచే తెలుస్తుంది. అవి కారు తలుపు హ్యాండిల్ లాగి తెరవగలవు. కారులో తిండి వదలకూడదు, సన్‌స్క్రీన్, టూత్‌పేస్ట్ కూడా. మనిషి తిండి రుచి మరిగిన ఎలుగు మళ్లీ మళ్లీ వస్తుంది, చివరికి దాన్ని చంపాల్సి వస్తుంది.

బయల్దేరే ముందు ఒక స్నేహితుడికి సందేశం పెట్టాలి. ఏ ట్రెయిల్, కారు ఎక్కడ ఆపుతున్నాం, కారు నంబరు, ఏ రంగు జాకెట్లు, ఎన్నింటికల్లా ఫోన్ చేస్తాం, ఆ వేళ దాటి ఎంతసేపు చూసి 911కి చెప్పాలి. చివరిదే చాలామంది రాయరు. అది లేకపోతే అవతలివాళ్లు "సిగ్నల్ లేదేమోలే" అనుకుంటూ రాత్రంతా గడిపేస్తారు.

తేదీ ఎంచుకునే వీలుంటే లేబర్ డే తర్వాతి వారాలు చూసుకోండి. వేసవంతా వేడెక్కిన నీరు అప్పటికి ఇంకా పూర్తిగా చల్లబడదు. స్కూళ్లు తెరిచి ఉంటాయి కాబట్టి జనం తగ్గుతారు. ఆ రోజుల్లో అడవి మంటల పొగ ఒక్కటే చూసుకోవాలి. 2021 ఆగస్టు 30న కాల్డర్ మంటల వల్ల సౌత్ లేక్ తాహో ఊరు ఊరంతా ఖాళీ చేయాల్సి వచ్చింది. బయల్దేరే రోజు పొద్దున గాలి నాణ్యత సూచిక చూడండి, ట్యాంకులో పెట్రోలు సగానికి తగ్గకుండా ఉంచుకోండి. రద్దు చేసుకుంటే డబ్బు తిరిగిచ్చే గదే బుక్ చేసుకోండి, అప్పుడు వెళ్లొద్దనుకోవడం తేలికవుతుంది.