తరవాణి కుండ



గత మార్గశిరమున, మా వారు పనిచేయు పాఠశాల ఆవరణములో ప్రకృతిజీవన ప్రదర్శన మొకటి జరిగినది. నాటు విత్తనములు, గానుగనూనెలు చూచుకొనుచు పోవుచుండగా, ఒక పందిటి క్రింద స్త్రీలు గుమిగూడి కనబడిరి. ఇంటిలో పదార్థములను పులియబెట్టు విధానమును అచ్చట నొక వృద్ధురాలు నేర్పుచుండెను. నేను సంకోచించుచునే కూర్చుంటిని. సంకోచమునకు కారణము కలదు.

అంతకుముందు వేసవిలో నేనొక పుస్తకము చూచి, క్యాబేజీని తరిగి, ఉప్పు చల్లి జాడీలో పెట్టితిని. ఉప్పు కంటికి తోచినంత. నాలుగవనాడు మూత తీయగా పైన నల్లని బూజు, లోపల జిగురు. పై బూజు తీసివేసి మిగిలినది వాడుదమా యని యొక నిమిషము లోభించితిని. నా చిన్నవాడు అప్పటికే గరిట పట్టుకొని ప్రక్కన నిలిచియున్నాడు. మా యత్తగారు చూచి జాడీతోసహా పారవేయించిరి. ఆనాటి భయము నాకింకను తీరలేదు.

ఈ సంగతి చెప్పగా ఆ వృద్ధురాలు నవ్వి, "ఉప్పు తూచితివా, అమ్మా?" అని యడిగెను.

"లేదు పిన్నిగారూ, చేతితోనే వేసితిని."

"ఆ చేయి ఆవకాయకు అలవాటుపడినది. దీనికి త్రాసు కావలెను" అని, కిలో తరిగిన కూరకు 20 గ్రాముల ఉప్పు, అనగా నూటికి రెండు పాళ్లు, తూచి చూపెను. ఉప్పు వేసి గట్టిగా పిసికినచో కూరలోని నీరే పైకి వచ్చును. ఒక్క ముక్కయు ఆ నీటిపైన తేలరాదు. శుభ్రముగా కడిగిన రాయిని బరువుగా నుంచవలెను. ఏలయన బూజునకు గాలి కావలెను. పులుపు పుట్టించు సూక్ష్మజీవులకు అక్కరలేదు. ఉప్పు తగ్గినచో కుళ్లబెట్టునవి ముందుగా పెరుగును. మితిమీరినచో పులియబెట్టునవియే మందగించును. పాలు పులియుట సజీవులైన సూక్ష్మప్రాణుల పని యని పాశ్చరు పండితుడు 1857లో వెల్లడించెను. రోజున కొకమారు మూతను వదులుచేసి వాయువును పోనీయవలెను. చలిదేశములలో మూడు నాలుగు వారములు పట్టునది మన వేసవిలో కొలది దినములకే పులియును. పైన పలుచని తెల్లని పొర వచ్చిన తీసివేయవచ్చును; నూగుతో రంగుబూజు పట్టినచో మొత్తము పారబోయవలసినదే. నా లోభమునకు సమాధానము దొరికినది. పులుపును కొలుచుటకు ఆమె యొద్ద రంగు మారు కాగితములుండెను. పులుపు హెచ్చినకొలది సంఖ్య తగ్గును, 4.6కు దిగువకు వచ్చినచో బొటులిజమను ప్రాణాంతకవ్యాధిని గలిగించు క్రిమి పెరుగజాలదు.

తరువాత ఆమె మఱియొక కుండ మూత తీసెను. ఆ వాసన నేనెరిగినదే. తరవాణి!

చిన్ననాడు మా తండ్రిగారు నాచే అమరకోశము వల్లెవేయించిరి. కాంజికమునకు గల ఆరనాళము, సౌవీరము, ధాన్యామ్లము మొదలగు పేర్లను ఇప్పటికిని తడుముకొనక చెప్పుదును. అది మా యత్తగారి తరవాణికి చుట్టమని మాత్ర మెన్నడును తోచలేదు. నేను కాపురమునకు వచ్చిన రెండవయేట, తక్కిన యుపాధ్యాయుల భార్యలు మా యింటికి వచ్చిననాడు, వంటయింటి మూలనుండి వచ్చు ఆ పుల్లని వాసనకు సిగ్గుపడి, మరునాడే కుండను బయట పెట్టించితిని. ఆమె ఒక్కమాటయు ననలేదు.

అదే తరవాణిని ఆ పందిటిలో గాజుసీసాలలో పోసి, చీటీ లంటించి అమ్ముచుండిరి. నేనును వరుసలో నిలిచి కొంటిని, ఏమని చెప్పుదును! జేమ్స్ కుక్ అను ఆంగ్లనావికుడు 1768లో బయలుదేరిన యాత్రలో పులియబెట్టిన క్యాబేజీని వెంట తీసికొనిపోయెను. సామాన్య నావికులు దానిని ముట్టకుండగా, అధికారుల బల్లపై ప్రతిదినము వడ్డింపించెనట. అంతట అందరును కోరి తినిరి. నా బుద్ధియు అట్టిదే.

ఇంటికి వచ్చి సీసాను మా యత్తగారి ముందుంచితిని. ఆమె చీటీ చదివి, వెల చూచి, సీసాను ప్రక్కన పెట్టి, "కొత్తకుండ తెప్పించు" అనిరి.

కుండను కడిగి యెండబెట్టి, చల్లారిన గంజిలో నీరు కలిపి పోసి, వాసెన కట్టిరి. పులిసిన పిదప ఆ తేటలో రాత్రి యన్నము వేసి ఉదయమున తినవలెనట. మూడవనాడు నేను రంగుకాగితము ముంచబోగా నా చేయి వారించి, ముందు వాసన చూడుమనిరి. ఇంకను గంజివాసనయే.

"రేపు చూతమమ్మా" అని మరల వాసెన కట్టిరి.