ఆల్జీబ్రా గ్రేడు ఎట్టా వచ్చిద్దో ముందే లెక్కేసుకోండి

పొద్దున్నే రేపల్లె నుంచి తెనాలి వైపు రైలెక్కే బీఎస్సీ పిల్లల్ని గానీ, బాపట్లలో క్లాసయ్యి బస్సు కోసం నిలబడ్డోళ్లని గానీ ఏ పేపరంటే భయమని అడగండి. ఆల్జీబ్రా పేరు వినపడకుండా పోదు. ఇంటర్‌లో లెక్కలు బాగా చేసినోళ్లు కూడా ఇక్కడ తడబడతారు. తెలివి తగ్గి కాదు, ఆట నియమాలు మారాయని ఎవరూ చెప్పక.

ఇంటర్‌లో ఆల్జీబ్రా అంటే వర్గ సమీకరణాలు, ద్విపద సిద్ధాంతం. సూత్రం గుర్తుంటే జవాబొచ్చేది. డిగ్రీలో సమూహాలు, వలయాలు వచ్చేసరికి "విలువ కనుక్కోండి" తగ్గి "నిరూపించండి" ఎక్కువైద్ది. పూర్ణ సంఖ్యలు కూడికతో సమూహం అవుతాయని నిరూపించమన్నారనుకోండి. "అవుతాయి, తెలిసిందే గదా" అని రాస్తే మార్కులు రావు. నాలుగు మెట్లూ ఎక్కాలి. రెండు పూర్ణ సంఖ్యలు కూడితే పూర్ణ సంఖ్యే రావాలి, అది సంవృత ధర్మం. బ్రాకెట్ ఎటు పెట్టి కూడినా ఒకటే రావాలి, అది సహచర ధర్మం. సున్నా కలిపితే సంఖ్య మారదు, అది తత్సమం. 5కి జోడీగా మైనస్ 5 ఉంది, అది విలోమం. సహజ సంఖ్యల్లో మైనస్ 5 లేదు, అందుకే అవి కూడికతో సమూహం కావు. నాలుగో మెట్టు మర్చిపోతే నిరూపణ సగంలో ఆగినట్టే.

ఇక మార్కుల సంగతి. ఈ మూడు ఊళ్ల డిగ్రీ కాలేజీలు ఉన్నది ఆచార్య నాగార్జున యూనివర్సిటీ పరిధిలో. సెమిస్టర్ పద్ధతిలో థియరీ పేపరుకి సెమిస్టర్ చివర పరీక్ష 75, ఇంటర్నల్ 25. ఈ పాతిక మార్కులు సెమిస్టర్ మధ్యలోనే చేతికొస్తాయి. రైలు తప్పిందనో, పొలంలో పని ఉందనో మిడ్ పరీక్ష మానేస్తే ఆ నష్టం చివర్లో పూడ్చుకోవటం కష్టం.

మార్కులు గ్రేడుగా మారతాయి. ఓ కి 10 పాయింట్లు, ఏ ప్లస్ కి 9, ఏ కి 8, బీ ప్లస్ కి 7, బీ కి 6, సీ కి 5, పీ కి 4, ఎఫ్ కి సున్నా. ప్రతి పేపరు పాయింట్లని దాని క్రెడిట్లతో గుణించి, అన్నీ కూడి, మొత్తం క్రెడిట్లతో భాగిస్తే ఎస్‌జీపీఏ.

సెమిస్టర్‌కి 20 క్రెడిట్లు, అందులో ఆల్జీబ్రాకి 4 అనుకుందాం. మిగతా 16 క్రెడిట్ల మీద మీకు 112 పాయింట్లు వచ్చాయి. ఎస్‌జీపీఏ 7.2 కావాలి. ఆల్జీబ్రాలో రావాల్సిన పాయింటుకి ఎక్స్ అని పేరు పెట్టండి.

(112 + 4ఎక్స్) / 20 = 7.2

అంటే 4ఎక్స్ = 32, ఎక్స్ = 8. ఏ గ్రేడు కావాలన్నమాట. అదే ఎఫ్ వస్తే 5.6కి పడిపోయిద్ది. ఒక్క పేపరు ఇంత లాగేసిద్ది! 2 క్రెడిట్ల పేపరైతే లాగుడు సగమే. అందుకే చదివే టైము కూడా క్రెడిట్లని చూసే పంచుకోవాలి.

ఇదంతా ఎందుకంటే, మనోళ్లలో చాలామందికి డిగ్రీ తర్వాత దారి బీఎడ్డే. ఎడ్‌సెట్‌కి మామూలుగా డిగ్రీలో 50 శాతం, రిజర్వేషన్ వర్గాలకి 40 శాతం ఉండాలి. ప్రతి పేపరూ అంచు మీద గట్టెక్కితే ఆ గీత కాడ ఇరుక్కుపోతారు.

అందుకని సెమిస్టర్ మొదట్లోనే మీ కాలేజీ పరీక్షల విభాగం కాడికి పోయి మూడు అడగండి: ఈ పేపరుకి క్రెడిట్లెన్ని, పాస్ గీత ఎంత, మిడ్ పరీక్షలు ఎప్పుడు. ఆ పక్కనే మీకు కావాల్సిన ఎక్స్ ఎంతో నోట్సు మొదటి పేజీలో రాసుకోండి. రిజల్ట్ వచ్చినాక ఏడ్చేకంటే, ముందే సమీకరణం వేసుకోవటం తేలిక. బ్యాక్‌లాగ్ ఉన్నోళ్లు కూడా ఇదే లెక్క వేసుకోండి. తప్పింది ఒక పేపరే, మీరు కాదు.