డొక్కు కారా... హీరో కారా?

నెల్లిమర్ల జూట్ మిల్లు వైపు వెళ్ళే దారిలో, ఓ చింతచెట్టు కింద, గోనెపట్టా కప్పుకుని నిలబడి ఉంది ఆ తెల్ల అంబాసిడర్. (జూట్ మిల్లు ఊళ్ళో కారుకి గోనెపట్టా కాక పట్టుదుప్పటి కప్పుతారా!) పక్కనే నులకమంచం మీద దాని యజమాని కమ్ డ్రైవరు. డెబ్భై దాటిన మనిషి. రామతీర్థం యాత్రలకీ, విజయనగరం సెకండ్ షోలకీ, ఈ చుట్టుపక్కల ఎన్నో పెళ్ళిళ్ళకీ ఆ కారు తోలిన చెయ్యి.

"తుక్కోడు ఇరవై ఐదేలన్నాడు. మొన్న విశాపట్నం నుంచొచ్చిన బాబేమో మూడు లచ్చలంతన్నాడు. ఇద్దర్లో ఎవుడు ఎర్రోడు బాబూ?" అని అడిగాడు తాత.

ఇద్దరూ కాదు తాతా అన్నాను గానీ, ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. ఎందుకంటే మనవరాలి నర్సింగ్ చదువు ఫీజు ఆ కారు మీదే ఆధారపడి ఉంది మరి!

మీరే చెప్పండి. ఏస్టన్ మార్టిన్ కారుకి కోట్లు పోస్తే మనకి ఆశ్చర్యం లేదు. అది బాండ్ బాబు కారు! "థండర్‌బాల్" ప్రచారానికి తిప్పిన డి.బి.5 కారు 2019 వేలంలో సుమారు 64 లక్షల డాలర్లు పలికింది. 1955 నాటి ఓ మెర్సిడిస్ రేసు కారు 2022లో 13 కోట్ల 50 లక్షల యూరోలకి పోయింది. అలాంటివి ప్రపంచం మొత్తం మీద రెండే ఉన్నాయి. సరే, రాజుల సొమ్ము రాళ్ళపాలు అనుకుందాం. కానీ మన డాక్టరుగారు, ప్లీడరుగారు, బి.డి.ఓ. గారు తిరిగిన మామూలు కారుకి అంత ఎందుకు?

ఇక్కడో కథ చెప్పాలి. 1968లో స్టీవ్ మెక్వీన్ నటించిన "బుల్లిట్" చిత్రంలో కారు ఛేజింగు చూసినవాళ్ళు ఈనాటికీ మర్చిపోరు. అందులో వాడిన ఫోర్డ్ మస్టాంగ్‌ని 1974లో ఓ అమెరికన్ సంసారి ఆరు వేల డాలర్లకి కొనుక్కున్నాడు. ఏళ్ళ తరబడి ఇంటి వాడకానికే తిప్పారు. సాక్షాత్తూ మెక్వీనే ఆ కారు తిరిగి ఇచ్చెయ్యమని 1977లో ఉత్తరం రాశాడు. ఇవ్వలేదు! 2020 జనవరిలో ఆ కుటుంబమే వేలానికి పెడితే 34 లక్షల డాలర్లు పలికింది. తమాషా ఏమిటంటే, దానికి కొత్త రంగు వెయ్యలేదు, సొట్టలు తియ్యలేదు. షూటింగులో కెమెరా బిగించడానికి చేసిన మార్పులు కూడా అలాగే ఉన్నాయి. ఆ సొట్టలకే ఆ ధర! మస్టాంగ్‌లు లక్షల్లో తయారయ్యాయి, ఆ సొట్టలు మాత్రం దానికొక్కదానికే.

మనకీ అలాంటిది ఉంది. పాత షెవర్లే వ్యాను ఒకటి. ఎన్.టి.రామారావుగారు 1982లో పార్టీ పెట్టాక దాన్ని "చైతన్య రథం" చేశారు, హరికృష్ణ స్టీరింగు పట్టారు. 1983 జనవరి కల్లా రాష్ట్రం మారిపోయింది. ఆ వ్యానుకి ఇనుము లెక్క కడతారా ఎవరైనా? "టాక్సీ రాముడు" (1961) హీరో నిజంగానే జనాన్ని ఎక్కించుకున్న బండి కదా అది!

ఇక అంబాసిడర్ సంగతి. ఇంగ్లీషు వాళ్ళ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ దీని తల్లి. హుగ్లీ ఒడ్డున ఉత్తరపారాలో 1950ల చివర్లో మొదలై 2014 మే దాకా తయారయింది. యాభై ఏళ్ళకి పైగా ఒకే మొహం! ఏ హీరోకి సాధ్యం? అందుకే అరుదు అనడానికి వీల్లేదు. మారుతి 800 కూడా అంతే. 1983 డిసెంబర్ 14న ఇందిరాగాంధీ చేతుల మీదుగా తాళాలు అందుకున్న మొట్టమొదటి కారుని కంపెనీవారు తమ ఆఫీసులో అపురూపంగా దాచుకున్నారు. ఆ తర్వాత వచ్చిన పాతిక లక్షల పైచిలుకు కార్లకి ఆ యోగం ఎక్కడిది?

నా మటుకు నాకు, మామూలు కారుకి పెద్ద ధర పెట్టడం తప్పేం కాదు. కానీ ఎవరు దేనికి కొంటున్నారో తెలియాలి. చిన్నప్పుడు నాన్నగారితో ముందు సీట్లో కూర్చున్న జ్ఞాపకం కొనుక్కునేవాడు బేరమాడడు. రేపు రెట్టింపుకి అమ్ముదామని కొనేవాడు మాత్రం బానెట్ ఎత్తి చూస్తాడు. అసలు చిక్కు అక్కడే!

తాత కారు బానెట్ నేనూ ఎత్తి చూశాను. సి బుక్కులో 1972 అని ఉంది, భేష్. లోపల మాత్రం అసలు పెట్రోల్ ఇంజను లేదు. మేటడోర్ డీజిల్ ఇంజను కూర్చుంది. "బాడుగ బండికి పెట్రోలు పోసి బతికీది ఎలాగ బాబూ?" అన్నాడు తాత. నిజమే, ఆ రోజుల్లో చాలామంది అదే పని చేశారు. ఆ ఇంజనే ఆయన సంసారాన్ని లాగింది. ఇప్పుడు అదే ధర తగ్గిస్తుంది.

ఇంకో మెలిక. 2021 జూలైలో కేంద్రం తెచ్చిన రూల్సు ప్రకారం యాభై ఏళ్ళు దాటి, అసలు రూపంలో ఉన్న బండికి "వి.ఏ." అక్షరాలతో వింటేజ్ నంబరు ఇస్తారు. కొత్త రిజిస్ట్రేషన్‌కి 20 వేలు ఫీజు. గౌరవం బాగానే ఉంది గానీ ఆ నంబరుతో బాడుగకి తిప్పకూడదు! ర్యాలీకో, ప్రదర్శనకో, రిపేరుకో తప్ప రోడ్డెక్కకూడదు. కిరీటం పెట్టి ఇంట్లో కూర్చోబెట్టడమన్నమాట.

ఇదంతా విడమరిచి చెప్పి, "విశాపట్నం బాబుకి ముందే బానెట్ ఎత్తి చూపించు తాతా. చూశాక ఎంతంటే అదే నిజం ధర" అన్నాను. చాలాసేపు మాట్లాడలేదాయన. తర్వాత గోనెపట్టా లాగేసి, తుండుగుడ్డతో అద్దం తుడవడం మొదలెట్టాడు.

"సూపిత్తాను. గానీ మాఘమాసంలో రెండు పెళ్ళిళ్ళు ఒప్పుకున్నాను. పెళ్ళికొడుకులు అంబాసిడరే కావాలంతన్నారు. అవి అయ్యాక రమ్మంతాను ఆ బాబుని!"