పాట నేర్పిన పొరుగువాడు

దావీదు మందసాన్ని యెరూషలేముకు తెచ్చిన రోజున లేవీయుల పెద్ద కెనన్యాకు ఒక పని అప్పగించారు. ఆ పని బాగా తెలిసినవాడు కాబట్టే అతనికి ఇచ్చారని దినవృత్తాంతముల మొదటి గ్రంథం 15వ అధ్యాయం చెబుతోంది. ఏమిటా పని? మన తెలుగు బైబిలు దాన్ని మోతపని అంటుంది. కొన్ని అనువాదాలు పాట పని అంటాయి. హెబ్రీలో అక్కడున్న మాట ‘మస్సా’. బరువు ఎత్తడమనీ గొంతు ఎత్తడమనీ దానికి రెండర్థాలూ చెబుతారు. టబ్బులు నింపి, దుంగలు మోసి బతికిన బొగ్గుబాయి ఊరివాళ్లం కనుక ఆ రెండర్థాలూ ఒక్క మాటలో ఉండటం మాకు బాగా నచ్చింది.

గోదావరిఖనిలోని మా సంఘంలో ఈ అధ్యాయం మీద ప్రసంగిస్తూ మేము ఎం.బి. శ్రీనివాసన్ గారి పేరు ఎత్తాము. ఆరాధన ముగిశాక ఒక పెద్దాయన దగ్గరికి వచ్చారు. బాయిలో సర్దారుగా చేసి రిటైరైన మనిషి. “అయ్యగారూ, ఒక కమ్యూనిస్టును పుల్‌పిట్ మీదికి తెచ్చారేమిటి?” అన్నారు. కోపంతో కాదు, బాధతోనే అడిగారు. ఆయనకు ఆ రోజు సగమే జవాబు చెప్పగలిగాము. మిగతా సగం ఇది.

శ్రీనివాసన్ గారు 1925 సెప్టెంబరు 19న చిత్తూరులో ఒక తమిళ కుటుంబంలో పుట్టారు. యువకుడిగానే వామపక్ష ఉద్యమంలోకి వెళ్లారు. జలియన్‌వాలాబాగ్ నాటి నాయకుడు సైఫుద్దీన్ కిచ్లూ కుమార్తె జహీదాను పెళ్లి చేసుకున్నారు. రైల్వే కార్మికుల బతుకు మీద 1960లో వచ్చిన ‘పాదై తెరియుదు పార్’ అనే తమిళ చిత్రానికి సంగీతం ఇచ్చారు. ఆ తరువాత ఎక్కువగా మలయాళంలో పనిచేశారు. 1961లో ఫోర్ట్ కొచ్చి నుంచి వచ్చిన ఒక పేద క్రైస్తవ కుర్రాడి చేత ‘కాల్పాడుగళ్’ చిత్రం కోసం తొలిపాట పాడించింది ఈయనే. ఆ కుర్రాడు కె.జె. యేసుదాసు. పాడించినది కులమత ద్వేషాలకు చోటివ్వని శ్రీ నారాయణ గురు శ్లోకం. ఎవరెవరిని ఒకచోట చేర్చాడో చూడండి!

సినిమా సంగతి అలా ఉంచుదాం. మాకు ఆయన కావలసింది 1970ల మొదట్లో ఆయన స్థాపించి, నేర్పి, నడిపించిన మద్రాస్ యూత్ కాయిర్ కోసం. అందులో పాడినవాళ్లు పేరున్న గాయకులు కారు. ఆఫీసుల్లో పనిచేసేవాళ్లు, విద్యార్థులు, పని ముగిశాక పాటకు వచ్చేవాళ్లు. వాళ్ల చేత సుబ్రహ్మణ్య భారతి గీతాలూ, ఇంకా ఎన్నో భారతీయ భాషల పాటలూ బృందంగా పాడించారు.

మేము సెమినరీలో చదివే రోజుల్లో మా సంగీతం మాస్టారు ఆ బృందం క్యాసెట్ వేసి వినిపించారు. అప్పటిదాకా మాకు పాటలు రెండు అల్మరాల్లో ఉండేవి. ఒకదానిలో మిషనరీలు తెచ్చిన ఇంగ్లీషు కీర్తనలు: సొప్రానో, ఆల్టో, టెనార్, బేస్ అని నాలుగు గొంతులకు విడగొట్టి క్రిస్మస్‌కు పాడేవి. రెండోదానిలో పురుషోత్తం చౌదరి గారి కాలం నుంచి వస్తున్న తెలుగు కీర్తనలు: రాగం, తాళం, ఊరంతా ఒకే వరుస. రాగాన్ని చెడగొట్టకుండా గొంతులను విడగొట్టి మళ్లీ కలపవచ్చని ఆ క్యాసెట్ విన్నాకే తెలిసింది. అది మాకు చర్చిలో కాదు, చర్చి బయటి మనిషి దగ్గర దొరికింది. అప్పటికే ఆయన లేరు. 1988 మార్చిలో లక్షద్వీప్‌లో కన్నుమూశారు. ఆయన పోయాక కూడా ఆ బృందం పాడుతూనే వచ్చింది. గురువు గొంతు ఒక్కటే వినిపించే బృందమైతే ఆయనతోనే ఆగిపోయేది.

పెద్దాయనకు మేము కోరెషు సంగతి గుర్తుచేశాము. తన్ను ఎరుగని ఆ రాజును దేవుడు అభిషిక్తుడని పిలిచాడని యెషయా 45లో ఉంది. అయితే శ్రీనివాసన్ గారిని పోయాక క్రైస్తవుణ్ణి చేయాలన్నది మా ఉద్దేశం కాదు. అది ఆయనకూ మర్యాద కాదు, మనకూ కాదు. ఆయన నమ్మింది ఆయన నమ్మారు. నేర్పింది మాత్రం మనం నేర్చుకోవచ్చు.

ఇక మా తప్పు ఒప్పుకోవాలి. ఒకప్పుడు మా కాయిర్‌లో ముప్పై మంది ఉండేవారు. మేము కీబోర్డు కొన్నాము, ట్రాకులు తెచ్చాము, మంచి గొంతున్న ఇద్దరికి మైకులిచ్చాము. పాట వినసొంపుగా మారింది. సంఘం నోరు మూతపడింది. బిల్లు మీద సంతకం మాదే. ఒక కార్మికుడి భూస్థాపన నాడు ఇంటి ముందు కరెంటు పోయింది. కీర్తన మొదలుపెట్టాము. రెండో చరణానికి వచ్చేసరికి పాట తెలిసినవాళ్లు నలుగురే మిగిలారు. మూడో చరణానికి ఆ నలుగురూ తడబడ్డారు. ఏడుస్తున్న ఇల్లాలు తలెత్తి మా వైపు చూసింది. మోయవలసిన బరువును మధ్యలో దించేసినట్టయింది. ఆ రోజు ప్రార్థనలో ఏం చెప్పామో మాకు గుర్తు లేదు.

ఇదంతా విన్న పెద్దాయన కాసేపు ఊరుకుని, బాయి సంగతి చెప్పారు. “లోపలికి పోగానే కర్రతో పైకప్పు తట్టి వినాలె అయ్యగారూ. గట్టిగుంటె ఒక చప్పుడు, లోపల పగులుంటె డొల్ల చప్పుడు. మాట్లాడుకుంట తడితే ఏం వినపడదు.” కాయిర్‌లో పాడటానికి ముందు నేర్పవలసింది సరిగ్గా ఇదే. పక్కవాడి గొంతు వినపడనంత గట్టిగా పాడితే మన గొంతు ఎక్కువైందని అర్థం. ఆసాపు, హేమాను, యెదూతూనుల కాలంలో పాట నేర్చినవారు 288 మందని అదే గ్రంథం 25వ అధ్యాయం లెక్క చెబుతోంది. చీట్లు వేసి, గురువూ శిష్యుడూ అని చూడకుండా, వంతుకు 12 మంది చొప్పున 24 వంతులు చేశారు. అచ్చం మన షిఫ్టుల చార్టే.

మేమూ అదే పద్ధతి పట్టుకున్నాము. ఒక్కో గొంతుకు కనీసం నలుగురు ఉండాలి, ఎందుకంటే వారంలో ఒకరిద్దరు రాత్రి షిఫ్టులోనే ఉంటారు. ప్రాక్టీసులో మైకు లేదు, ట్రాకు లేదు, శ్రుతిపెట్టె ఒక్కటే. పోయిన శుక్రవారం టెనార్‌కు ఇద్దరే వచ్చారు, పాట రెండుసార్లు ఆగింది. పెద్దాయన బేస్‌లో కూర్చున్నారు. రెండో షిఫ్టు వాళ్లకు పొద్దున వేరే ప్రాక్టీసు పెట్టాలని పట్టుబట్టి, చర్చి తాళంచెవి ఒకటి అడిగి తీసుకున్నారు.