చెదిరిన ఓడ శిథిలాలు: స్థానమే ఆధారం

మునిగిన ఓడ అనగానే సముద్రగర్భంలో చెక్కుచెదరని ఓడను ఊహించుకుంటాం. స్కాట్లాండ్‌కు ఉత్తరాన, షెట్లాండ్ దీవుల వద్ద 1664 డిసెంబరులో బండకు కొట్టుకుని పగిలిన డచ్చి ఈస్టిండియా కంపెనీ ఓడ ‘కెన్నెమర్లాండ్’కు ఆ ఆకారమే మిగలలేదు. ప్రాణాలతో బయటపడినవారు ముగ్గురే. సీసపు దిమ్మెలు, ఇటుకలు, పొగాకు పీల్చే మట్టి గొట్టాలు సముద్రం అడుగున చెల్లాచెదురయ్యాయి.

ఇటువంటి చోట వస్తువు ఎంత ముఖ్యమో, అది పడి ఉన్న స్థానమూ అంతే ముఖ్యం. కొలవకముందే పైకి తీస్తే ఆ ఆధారం పోయినట్లే. కాని చల్లని నీటిలో స్కూబా డైవర్‌కు ఇది చెప్పినంత తేలిక కాదు. డ్రైసూట్ ఒంటిని పొడిగా ఉంచినా వేళ్లు మొద్దుబారతాయి, అడుగున ఉండగల సమయమూ తగ్గుతుంది. 1970లలో ఇలా ఓపికగా కొలిచిన స్థానాలను కీత్ మకల్‌రాయ్ గణాంక పద్ధతిలో విశ్లేషించి, ఓడ ఏ క్రమంలో పగిలిందో వివరించాడు.