నొప్పి నడుముదే, దెబ్బ మెదడుకూ

ఏళ్ల తరబడి నడుం నొప్పితో తిరిగేవాళ్లు తరచూ వినే మాట ఒకటుంది. “స్కాన్‌లో ఏమీ లేదమ్మా.” ఆ మాటతో ఇంట్లోవాళ్ల చూపూ మారిపోతుంది. నిజంగా నొప్పేనా, పని తప్పించుకునే వంకా అని అనుమానిస్తారు. ఇది చాలా అన్యాయం. నడుం స్కాన్‌కు అందని బాధ జాడ మెదడు స్కాన్‌లో దొరికి 20 ఏళ్లు దాటింది.

2004లో అమెరికాలోని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలో వానియా ఆప్కారియన్ బృందం ఈ పరీక్ష చేసింది. ఏడాదికి పైగా నడుం నొప్పి వదలని 26 మందికీ, ఏ నొప్పీ లేని మరో 26 మందికీ ఎమ్మారై తీసి పోల్చింది. నాడీకణాలు దట్టంగా ఉండే గ్రే మ్యాటర్ మెదడు పైపొరలో నొప్పి ఉన్నవాళ్లకు 5 నుంచి 11 శాతం తక్కువగా ఉంది. వయసు మీదపడటం వల్ల 10, 20 ఏళ్లలో తగ్గేంత తరుగు అది! ముఖ్యంగా రెండు చోట్ల తేడా కనిపించింది. ఒకటి, ఆలోచనకూ నిర్ణయాలకూ ఆధారమైన నుదుటి వెనక భాగం. రెండోది, ఒంటి నుంచి వచ్చే సంకేతాలను పైకి చేరవేసే థాలమస్.

మరి నొప్పి వల్ల మెదడు మారిందా, మారిన మెదడు వల్లే నొప్పి వదలడం లేదా? చెట్టు ముందా, విత్తు ముందా అన్నట్టుండే ఈ ప్రశ్నను జర్మనీలోని హాంబర్గ్ పరిశోధకులు పట్టుకున్నారు. తుంటి కీలు అరిగి, ఏళ్లుగా బాధపడుతున్న 32 మంది మెదళ్లను పరిశీలిస్తే వాళ్లలోనూ గ్రే మ్యాటర్ తగ్గింది. వాళ్లలో 10 మందికి కీలు మార్పిడి చేశాక నొప్పి పోయింది. తర్వాత వారాలూ నెలలూ గడిచేకొద్దీ తీసిన స్కాన్లలో తగ్గిన చోట్ల గ్రే మ్యాటర్ తిరిగి పెరుగుతూ వచ్చింది. ఆపరేషన్ జరిగింది తుంటికి, కోలుకున్నది మెదడు కూడా! 2009లో వెలువడిన ఈ ఫలితాన్ని బట్టి, ఆ తరుగంతా కణాలు చచ్చిపోవడం వల్ల వచ్చింది కాదనుకోవచ్చు.

పది మందంటే చిన్న లెక్కే. కానీ 2011లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయం కూడా ఇలాంటిదే చూపింది. నడుం నొప్పికి ఆపరేషనో ఇంజెక్షనో చేయించుకున్నవాళ్లకు ఆరు నెలల తర్వాత, నుదుటి వెనక ఎడమవైపు పలచబడిన పొర మళ్లీ మందమైంది.

వైద్యుల లెక్కలో మూడు నెలలు దాటిన నొప్పి దీర్ఘకాలిక నొప్పి. అలాంటిదాన్ని మందుల షాపు గోలీలతో నెట్టుకురాకండి, డాక్టరుకు చూపించండి. ఇంట్లో ఎవరైనా నొప్పి అంటే నటన అనకండి, ఆస్పత్రికి తోడు వెళ్లండి.