కాంటాక్ట్ షీట్ పఠనం: డయాన్ ఆర్బస్ ఛాయాచిత్రం ఆధారంగా ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

వీధి ఛాయాచిత్రకారుల కృషిని సాధారణంగా వారు ఎంపిక చేసి ప్రకటించిన చిత్రాల ద్వారానే అంచనా వేస్తారు. ఆ ఎంపికకు ముందరి దశకు సాక్ష్యం కాంటాక్ట్ షీట్. నెగెటివ్ పట్టీలను ముద్రణ కాగితంపై నేరుగా పరచి, వెలుతురు సోకించి తీసే ఈ ప్రతిలో ప్రతి ఫ్రేమూ నెగెటివ్ పరిమాణంలోనే కనిపిస్తుంది. పట్టీపై ఉండే అంకెలు తీసిన క్రమాన్ని తెలుపుతాయి. దీనిని రచయిత చిత్తుప్రతితో పోల్చవచ్చు. అయితే ఒక ముఖ్యమైన భేదం ఉంది: చిత్తుప్రతిలో కొట్టివేసిన పదం రచయితదే, కాంటాక్ట్ షీట్‌లో పక్కన పెట్టిన ముఖం మరొకరిది.

ఒక చిత్రం - ఒక వరుస

1962లో న్యూయార్క్ సెంట్రల్ పార్కులో డయాన్ ఆర్బస్ (1923-1971) బొమ్మ గ్రెనేడ్ పట్టుకున్న ఒక బాలుని ఛాయాచిత్రం తీశారు. ప్రసిద్ధి పొందిన ఆ చిత్రంలో బాలుని ముఖం బిగుసుకుని వికృతంగా ఉంటుంది. ఒక చేతిలో గ్రెనేడ్, పక్షి గోళ్లలా వంగిన మరో ఖాళీ చేయి, భుజం మీదినుంచి జారిన పట్టీ కనిపిస్తాయి. హింస అలముకున్న కాలానికి దీనిని ప్రతీకగా వ్యాఖ్యానించడం కద్దు. తర్వాతి కాలంలో ప్రచురితమైన కాంటాక్ట్ షీట్‌లోని ఇతర ఫ్రేముల్లో అదే బాలుడు నడుముపై చేతులుంచి, నవ్వుతూ, సాధారణ బాలునిలాగే కనిపిస్తాడు.

పఠన పద్ధతి

దీనిని బట్టి ఎంపికైన చిత్రం అసత్యమనీ, మిగిలినవే సత్యమనీ తేల్చడం తొందరపాటు. ఆ నవ్వు కూడా కెమెరా ముందు నిలిచి నవ్వినదే. అందువల్ల ఫ్రేములను విడివిడిగా గాక వరుసగా చదవాలి. భంగిమ ఎక్కడ మారింది, నేపథ్యం ఎలా జరిగింది, ఏది పునరావృతమైంది అన్నవి గమనించాలి. ఆ ముఖవికారానికి మూలం బాలుని స్వభావమా, ఎదుట ఉన్న కెమెరాయా అనే ప్రశ్నను ఒంటరి చిత్రం లేవనెత్తదు, వరుస లేవనెత్తుతుంది.

అయితే కాంటాక్ట్ షీట్ సంపూర్ణ సాక్ష్యం కాదు. రెండు ఫ్రేముల మధ్య ఎంత సమయం గడిచిందో, ఏ మాటలు సాగాయో అది చెప్పదు. మీట నొక్కని క్షణాలకు అందులో చోటు లేదు.

ముగింపు

ఎంపికలో బాలునికి భాగం లేదు. కానీ లోకానికి తెలిసినది ఆ ఒక్క క్షణపు ముఖమే. కాంటాక్ట్ షీట్ ఆ చిత్రపు కళావిలువను తగ్గించదు. అది ప్రధానంగా ఆర్బస్ చూపును గురించిన సాక్ష్యమనీ, బాలుని స్వభావానికి నిర్ధారణ కాదనీ స్పష్టం చేస్తుంది. నగర జీవిత చరిత్రకు ఛాయాచిత్రాలను ఆధారాలుగా స్వీకరించే పరిశోధకులు ఈ భేదాన్ని పాటించడం అవసరం.